సహపంక్తి



గత కార్తికమాసమున నాకొక జాబు వచ్చినది. వ్రాసినవాడు నా పూర్వశిష్యుడు. నాగావళి యొడ్డున ఒక పల్లె పాఠశాలలో నేను తెలుగు పండితుడనై యున్న దినములలో నాయొద్ద చదువుకొన్నవాడు. ఇప్పుడు దూరపు నగరమున ఇంజనీరు. కుశల ప్రశ్నల పిమ్మట అతడు వ్రాసిన దిది: "మాష్టారూ, నేను అయిదేళ్ళుగా ఒక లాడ్జిలో సభ్యుణ్ణి. మన ప్రాంతం వాళ్ళం పదిమందిమి కలిసి ఉత్తరాంధ్రలో కొత్త లాడ్జి ఒకటి తెరవాలనుకుంటున్నాం. దానికో మంచి పేరు కావాలి. సంస్కృతమైనా సరే, తెలుగైనా సరే. మీరే పెట్టాలి."

ఈ జాబు చదివి మా యింట అందరును నవ్విరి. మన యూళ్ళలో లాడ్జి యనగా బస్సు స్టాండు ఎదుట గదులు అద్దెకిచ్చు మేడ గదా! "మీ శిష్యుడు హోటలు పెట్టుచున్నాడు, లగ్నము కూడ మీరే పెట్టి పంపుడు" అని మా గృహిణి వేళాకోళ మాడినది. కాని జాబు తుద అతడు వివరము వ్రాసియే యుండెను. అది ఫ్రీమేసనులను సోదరసంఘము. బిడ్డ యెవరిదో, నక్షత్ర మేదో తెలియక నామకరణము చేయుట పండితునకు తగదు. కావున రెండు మాసములు పుస్తకములు తెప్పించి చదివితిని, తెలిసినవారిని అడిగితిని. నాకు తెలిసినంత మేరకు ఆ సంఘపు కథను, దానితో ముడివడిన నా సొంత సంగతి నొకదానిని నేడు మీకు విన్నవించెదను.

మేసను అనగా తాపీమేస్త్రి. మధ్యయుగములలో ఐరోపాఖండమున గొప్ప గొప్ప దేవాలయములు కట్టిన రాతిపనివారు, పని జరుగుచోట గోడ కానించి ఒక పాక వేసికొనెడివారు. రాళ్ళు చెక్కుట అందే, పనిముట్లు దాచుట అందే, అలసట తీర్చుకొనుట అందే. ఆ పాకకే లాడ్జి యని పేరు. ఒక గుడి పూర్తియైనంతనే వారు వేరొక యూరికి పోవలెను. అక్కడ, తాను నిజముగా పని నేర్చినవాడనని పనివాడు ఎట్లు రుజువు చేయగలడు? వారిలో వారికి గుర్తుపదములు ఏర్పడినవి. వృత్తిరహస్యమునకు కాపుదల, దూరమునుండి వచ్చిన సాటి పనివానికి కూడు, పని చూపుట, ఈ రెండును వారి కట్టుబాటునకు మూలములు.

పదునేడవ శతాబ్దమున చిత్రమైన మార్పు వచ్చెను. ఉలి పట్టనివారు, రాయి మోయనివారు ఈ సంఘములలో చేరజొచ్చిరి. పురావస్తు పండితుడైన ఎలియాస్ ఆష్‌మోల్ 1646లో ఇంగ్లండున వారింగ్టను నందు చేరినట్లు తన దినచర్యలో వ్రాసికొనెను. క్రమముగా రాతిపని పోయి దాని మాటలు మాత్రము మిగిలెను. లండను నగరమున నాలుగు లాడ్జీలవారు 1717 జూన్ 24వ తేదీన ఒక పానశాలలో సమావేశమై గ్రాండు లాడ్జి నేర్పరచుకొనిరని వారి సంప్రదాయము. ఆ తేదీ విషయమై నేటి చరిత్రకారులలో వాదము కలదు. 1723లో జేమ్స్ ఆండర్సన్ అను మతాచార్యుడు కూర్చిన నియమగ్రంథము ముద్రితమైనది. సభ్యుడు తన మతము తాను ఉంచుకొనవచ్చును, సర్వజనులు అంగీకరించు ధర్మమునకు మాత్రము కట్టుబడవలెను, సభలో మతవాదము రాజకీయవాదము చేయరాదు అనునవి దానిలోని ముఖ్య నియమములు. మతము పేర ఇంగ్లండున రక్తపాతము జరిగి నూరేండ్లైనను కాలేదు. అట్టి కాలమున ఇది చిన్న మాట కాదు.

ఇక వారి చిహ్నములు. వీనిని మనకు ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. ఇల్లు కట్టించినవారందరు ఎరిగినవే. మూల సరిగా వచ్చినదో లేదో చూచుటకు మూలమట్టము. నిలువు చూచుటకు తూకపుగుండు. నేల సమముగా నున్నదో లేదో చూచుటకు మట్టపుకర్ర. గుండ్రముగా గీయుటకు కంపాసు. నడవడి మూలమట్టమునకు సరిపోవలెను. మనిషి తూకపుదారమువలె నిట్టనిలువున ఉండవలెను. కోరికలు కంపాసు గీచిన గీత దాటరాదు. సభలో అందరును ఒకే మట్టమున కూర్చుండవలెను. ఇవి వారి పాఠములు. సభాభవనమున రెండు రాళ్ళుంచెదరు. ఒకటి గనినుండి తెచ్చిన గరుకు రాయి, రెండవది చెక్కి నునుపు చేసినది. మొదటిది చేరిన దినపు మనిషి. రెండవది కావలసిన మనిషి. పనివారు కట్టుకొను తోలుగుడ్డకు గుర్తుగా సభ్యులు తెల్లని గొర్రెపిల్ల తోలును నడుమునకు కట్టుకొందురు. అప్రెంటిసు, పనివాడు, మేస్త్రి అని మూడు మెట్లు.

మూడవ మెట్టున వారికొక కథ చెప్పబడును. సాలోమను రాజు దేవాలయమును కట్టుచున్న ప్రధాన శిల్పి, వృత్తిరహస్యమును వెల్లడింపుమని దుర్మార్గులు పీడించినను చెప్పక ప్రాణములు విడిచెనట. ఇది చదివినప్పుడు నాకు మన పొరుగున నున్న కోణార్కము జ్ఞప్తికి వచ్చినది. పండ్రెండువందల శిల్పులు నిలుపలేకపోయిన శిఖరమును పండ్రెండేండ్ల ధర్మపదుడు నిలిపి, ఆ మాట రాజునకు తెలిసినచో తనవారికి ముప్పు వచ్చునని సముద్రమున దుమికెనని ఉత్కళమున చెప్పుకొందురు. ఆ గుడి కట్టించిన గంగవంశమువారు మొదట మన ముఖలింగము రాజధానిగా ఏలినవారే. రహస్యమును కాచుకొనుటకు ఒకడు చచ్చెను; తోడివారిని కాచుటకు వేరొకడు చచ్చెను. రెండు కథలను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు నా మనస్సు ధర్మపదుని వైపునకే మొగ్గినదని దాచక చెప్పుచున్నాను.

క్రొత్త లాడ్జి తెరచుట యెట్లు? ఇష్టము వచ్చినవారు ఒకచోట చేరి బల్ల కట్టినంత మాత్రమున లాడ్జి కానేరదు. మేస్త్రి పట్టము పొందినవారు కనీసము ఏడుగురు కలిసి గ్రాండు లాడ్జికి అర్జీ పెట్టవలెను. ముందునుండి యున్న ఒక లాడ్జి వారిని సిఫారసు చేయవలెను. మొదటి అధ్యక్షు డెవరో, అతనికి తోడగు ఇద్దరు వార్డెనులెవరో అర్జీలోనే చెప్పవలెను. అనుమతిపత్రము వచ్చిన పిమ్మట పెద్దలు వచ్చి ప్రతిష్ఠ చేయుదురు. సమృద్ధికి ధాన్యము, సంతోషమునకు ద్రాక్షారసము, శాంతికి నూనె, విశ్వాసమునకు ఉప్పు అని చల్లి, ఆ లాడ్జికొక పేరును ఒక సంఖ్యను ప్రకటింతురు. అటుపై అధ్యక్షుడు తూర్పున కూర్చుండును. ఒక వార్డెను పడమట, వేరొకడు దక్షిణమున. వెలుపల కత్తి పట్టిన ద్వారపాలకు డుండును. క్రొత్తవానిని చేర్చుకొనవలెనన్న పెట్టెలో తెల్లగోళీయో నల్లగోళీయో వేసి అభిప్రాయము తెలుపుదురు. మన దేశపు లాడ్జీలలో వేదికపై భగవద్గీత, ఖురాను, బైబిలు, అవెస్తా, గురుగ్రంథసాహెబు తెరచి యుంచుట కలదు. చేరువాడు తన గ్రంథముపై తాను ప్రమాణము చేయును.

భారతదేశమునకు ఈ సంఘము వర్తకుల ఓడలతోనే వచ్చినది. 1730లో కలకత్తాలో, 1752లో చెన్నపట్టణమున లాడ్జీలు వెలసెను. అవి దొరల సభలు. ఆర్కాటు నవాబు మహమ్మదాలీ జ్యేష్ఠపుత్రుడు ఉమ్దతుల్ ఉమ్రా 1770ల దశకమున తిరుచినాపల్లిలో చేర్చుకొనబడెను. కాని అతడు రాజకుమారుడు. సామాన్యునికి తలుపు అంత సులభముగా తెరువబడలేదు. బొంబాయిలో మాణెక్‌జీ కర్సెట్జీ అను పారసీక ప్రముఖుని అక్కడి లాడ్జి కాదన్నది. ఆయన పారిసు నగరమునకు పోయి అక్కడ చేరి తిరిగివచ్చెను. పిమ్మట 1843లో బొంబాయిలో భారతీయులను చేర్చుకొనుటకై "రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా" అను లాడ్జి వెలసినది. కలకత్తాలో ప్రసన్నకుమార దత్తుడు 1863లో అర్జీ పెట్టెను. హిందువులు అనేక దేవతలను కొలుతురు గనుక తగరని అభ్యంతరము వచ్చెను. వాదము లండనుదాక పోయెను. తొమ్మిదేండ్లు నిరీక్షించి 1872లో ఆయన లోపలికి పోగలిగెను. ఆ దారినే 1884లో నరేంద్రనాథ దత్తు, అనగా తరువాతి వివేకానందస్వామి, కలకత్తాలో ఒక లాడ్జిని చేరెను. లాహోరున 1886లో చేరిన ఇంగ్లీషు రచయిత కిప్లింగు, తనను చేర్చుకొన్న సభలో హిందువులు, మహమ్మదీయులు, యూదులు కలసి యుండిరని పెద్దవాడైన పిదప తలచుకొనెను.

సముద్రములకు ఆవల సంగతియు వినుడు. అమెరికాలో బోస్టను నగరమున 1775లో ప్రిన్స్ హాల్ అను నీగ్రోజాతి స్వతంత్రుడు మరి పదునలుగురితో కూడ ఈ సంఘమున చేరెను. అక్కడి తెల్లవారి లాడ్జీలు వారిని సోదరులుగా ఒప్పుకొనలేదు. ఆయన ఇంగ్లండునకు అర్జీ పెట్టి 1784లో అనుమతిపత్రము సంపాదించి తనవారికై లాడ్జి నిలిపెను. అందరును ఒకే మట్టమున కూర్చుండవలెనని గోడపై గుర్తు చెక్కుకొన్నవారే తలుపు మూసినప్పుడు, మూయబడినవారు ఆ గుర్తును పారవేయలేదు. దానినే చేతబట్టి, మీ మాట మీరే నిలుపుకొనుడని అడిగిరి. ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన భాగమిదే.

మన తెలుగుదేశమున హైదరాబాదు గోషామహల్ బారాదరి ప్రసిద్ధము. కుతుబుషాహీల కాలపు ఆ భవనము 1872లో ఈ సంఘమునకు దక్కి నేటికిని వారి సమావేశస్థలముగా నున్నది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1961 నవంబరు 24వ తేదీన ఢిల్లీలో భారత గ్రాండు లాడ్జి ఏర్పడెను. రాంపూరు నవాబు సయ్యద్ రజా అలీఖాన్ దాని తొలి గ్రాండు మాస్టరు. దేశమును వారు నాలుగు ప్రాంతములుగా పంచుకొనిరి. మనము ఉత్తరాంధ్రులమని చెప్పుకొందుము గాని, వారి లెక్కలో దక్షిణప్రాంతమువారమే!

దూరదేశమునుండి ఒక సోదరసంఘము మన గడ్డపై కాలు మోపుట ఇదే మొదటిసారి యని తలపవలదు. వంశధార యొడ్డున శాలిహుండము కొండ యెక్కి చూడుడు. విజయనగరము చెంత రామతీర్థమున గురుభక్తుల కొండ చూడుడు. ఆ ఇటుకకట్టడములలో బౌద్ధభిక్షువులు నివసించిరి. సంఘమను మాట వారిదే. ఒకనికి భిక్షుదీక్ష ఇయ్యవలెనన్న పదిమంది భిక్షువులు కూడవలెనని వారి వినయపిటకపు నియమము. అవంతిదేశమున సోణుడను యువకునికి పదిమంది దొరకక మూడేండ్లు వేచియుండవలసి వచ్చెను. అతని మొర విని బుద్ధుడు, సరిహద్దు దేశములలో వినయము తెలిసిన యొకనితో కూడి అయిదుగురున్న చాలునని నియమము సడలించెను. క్రొత్తచోట తక్కువమందితోనే పని మొదలుపెట్టవలెను గదా! నా శిష్యుని పదిమందిని తలచుకొన్నప్పుడు నాకు ఆ సోణుడే గుర్తు వచ్చినాడు.

ఆ బౌద్ధుల కథలోనే వేరొకటి కలదు. శాక్యరాజకుమారులు కొందరు దీక్షకై పోవుచు, వెంట తమ మంగలి యైన ఉపాలిని తోడ్కొని పోయిరి. "మేము గర్వము గలవారము. ముందుగా ఇతనికి దీక్ష యిండు. అప్పుడు మేమితనికి నమస్కరింపవలసి వచ్చును, మా గర్వమణగును" అని బుద్ధుని వేడిరట. ఆ ఉపాలియే వినయధరులలో అగ్రగణ్యుడయ్యెను. సోదరసంఘమునకు నేనెరిగిన పరీక్ష ఇంతకంటె మేలైనది లేదు. పెద్దవాడు చిన్నవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట సులభము. చిన్నవానికి తాను చేతులు మోడ్చుట కష్టము.

ఇక ఆక్షేపణలు. మొదటిది రహస్యము. లోపల ఏమి జరుగునో తెలియక జనులు ఆ భవనములను చూచి భయపడిరి. హిందూస్థానీలో జాదూఘర్, అనగా ఇంద్రజాలపు ఇల్లు, అని పేరు పెట్టిరి. 1738లోనే రోము పోపు తన మతస్థులు ఈ సంఘమున చేరరాదని శాసించెను. మరి ఆ రహస్యమేమి? ఒకరినొకరు గుర్తించు సైగలు, పదములు, కరస్పర్శలు మాత్రమే యని వారి మాట. అదియు పాత రహస్యమే. 1730లో ప్రిచర్డు అను నతడు వారి కర్మకాండ నంతయు లండనులో అచ్చు వేసి అమ్మెను! నాబోటివాడు దీనిని గూర్చి గట్టిగా మాటలాడరాదు. మంత్రమును చెవిలో ఉపదేశించు సంప్రదాయమున పెరిగినవాడను. అయినను తిరుక్కోష్టియూరి గోపుర మెక్కి, నేనొక్కడను నరకమునకు పోయినను ఇందరు తరింతురని గురువు దాచుమన్న మంత్రమును చాటిన రామానుజులను తలంచి చేతులు జోడించు సంప్రదాయమును మనదే. దాచుటయు మనదే, చాటుటయు మనదే.

రెండవది డబ్బు. చందాలు, దుస్తులు, విందులు, ఇవి కూలివానికి అందునవి కావు. తాపీమేస్త్రి పనిముట్లను నెత్తిన పెట్టుకొన్న సంఘములో తాపీమేస్త్రి చేరగలడా? ఈ ప్రశ్న నా శిష్యునికి వ్రాసితిని. అతడు తప్పించుకొనక, "ఇప్పటికి లేడు మాష్టారూ, అది మా లోపమే" అని బదులు వ్రాసెను.

మూడవ ఆక్షేపణ మా యింటనే పుట్టినది. నేను ఇదంతయు చదివి వినిపించుచుండగా మా గృహిణి, "ఆడవాళ్ళకు ప్రవేశమున్నదా?" అని అడిగినది. లేదంటిని. ఆండర్సను నియమములలోనే స్త్రీలు, బానిసలు పనికిరారని యున్నది. స్త్రీలను పురుషులను సమముగా చేర్చుకొను వేరు శాఖ యొకటి 1893లో పారిసున పుట్టెను. అనిబిసెంటమ్మ 1902లో దానిలో చేరి మన దేశమునకు తెచ్చెను. పాత శాఖవారు మాత్రము నేటికిని పురుషులనే చేర్చుకొందురు. "అయితే అది సోదరసంఘమే గాని కుటుంబము కాదు" అని ఆమె లేచి వంటింటికి పోయినది. దానికి నాయొద్ద సమాధానము లేదు.

ఇన్ని లోపములు చూచిన పిదప, పేరు పెట్టను పొమ్మని వ్రాయుటకే నిశ్చయించుకొంటిని. వ్రాయుటకు ముందు ఒక్క మాట అడుగుదమని, "ఇన్ని యుండగా నీవందు ఏల యున్నావు?" అని జాబు వ్రాసితిని. వచ్చిన ప్రత్యుత్తరమును మార్చక చదువుచున్నాను.

"మాష్టారూ, మీరు అడిగారు గనుక రాస్తున్నాను. సభలో ఏం జరుగుతుందో నేను చెప్పకూడదు. సభ అయ్యాక ఏం జరుగుతుందో చెప్పొచ్చు. అందరం కలిసి భోజనం చేస్తాం. నేను చేరిన మొదటి రాత్రి, మా ఆఫీసులో నాకంటే నాలుగు మెట్లు పైనున్న అధికారి వచ్చి నా పక్కన కూర్చున్నారు. కూరగిన్నె తానే తీసి నాకు వడ్డించారు. ఇంటికొచ్చాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. అంతే మాష్టారూ, ఇంకేం లేదు."

ఆ రాత్రి నాకును నిద్ర పట్టలేదు. కారణము చెప్పవలెను. చెప్పుటకే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

ఆ పల్లె పాఠశాలలో నేను చేరిన తొలియేడు కార్తికమున పిల్లలతో వనభోజనమునకు పోయితిమి. ఊరి పెద్దలు బియ్యము, పప్పు, బెల్లము ఇచ్చిరి. తోటలో ఉసిరిచెట్టు క్రింద వంట. ఎవ్వరు ఎక్కడ కూర్చుండవలెనో పంక్తుల పట్టిక వ్రాయు పని నాది. అక్షరములు గుండ్రముగా వ్రాయుదునని ఆ పని నాకిచ్చిరి. తోటలో మూడు పంక్తులు, కాలువగట్టుకు ఆవల ఒక పంక్తి అని పెద్దలు చెప్పిరి. ఆవలి పంక్తిలో ఎవరిని వేయవలెనో వారు చెప్పనక్కర లేకపోయినది. నేనే ఎరిగి వ్రాసితిని. అయిదుగురు పిల్లలు. వారిలో నా శిష్యుడొకడు. వానికి అప్పుడు పండ్రెండేండ్లు. తరగతిలో పద్యము చదివినచో వానివలె చదువువాడు లేడు.

పాయసము పట్టుకొని నేను గట్టు దాటి పోవుసరికి వాడు విస్తరి మడచి లేచి నిలుచుండెను. ఏమిరా యంటిని. "ఆకలి లేదు మాష్టారూ" అనెను. నేను మారు మాటాడక తక్కిన నలుగురికి వడ్డించి తిరిగివచ్చితిని. ఎవ్వరును నన్ను బలవంతపెట్టలేదు. కాదన్నచో నా యుద్యోగము పోయెడిది కాదు. ఉపాలి కథ నాకు అప్పటికే తెలియును. దానిని తరగతిలో చెప్పియే యుంటిని. చెప్పిన నోరును పట్టిక వ్రాసిన చేయియు ఒక్కనివే.

ఆ సంగతిని వాడు ఎన్నడును ఎత్తలేదు. జాబులలోను ఎత్తలేదు. మరచెనని నేను నమ్మను. మరువనివాడు నన్నే పేరడిగినాడు. అందుకే నా కలము ఆగినది.

శ్రోతలారా, ఆలోచింపగా నాకు తోచిన దిది. ఈ సంఘములో లోపములు కలవు; చూపితిని. కాని మన యూళ్ళలో ఒక మనిషికి ప్రక్కన మనిషి కూర్చుండి వడ్డించిన సుఖము దొరకుటకు కత్తి పట్టిన ద్వారపాలకుని వెనుక, మూసిన తలుపుల లోపల చోటు వెదకికొనవలసి వచ్చినదనగా, తప్పు ఆ తలుపుది కాదు. వెలుపలనున్న మాది. సోదరభావమునకు లాడ్జి యే అక్కరలేదని చెప్పుటకు మన ప్రాంతముననే నిదర్శన మున్నది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరవారి భాష నేర్చి, వారిని తన యింట నుంచుకొని, వారికై బడులు పెట్టి, వారి మాటలకు నిఘంటువు కూర్చిరి. నేను మాటలాడు ఈ గ్రాంథికభాషకు వారు బద్ధవిరోధులు. భాషావిషయమున వారితో నేను నేటికిని ఏకీభవింపను. మనుష్యవిషయమున వారి పాదధూళికి సరిరాను.

నా శిష్యునకు జాబు వ్రాసితిని. మొదట పట్టిక సంగతి వ్రాసితిని. నేనే వ్రాసితినని, తెలిసియే వ్రాసితినని వ్రాసితిని. పిమ్మట పేరు వ్రాసితిని. "సహపంక్తి" యని. ఈ పేరు పెట్టు అర్హత నాకున్నదో లేదో నీవే తేల్చుకొమ్మంటిని. ఒక్క కోరిక కోరితిని. ఈ పేరు మీ భవనపు గోడకే పరిమితము కారాదు. ఏటేట కార్తికమున ఒక దినము ద్వారపాలకుని కత్తి ఒరలో పెట్టి, మీ పదిమందియు వెలుపలికి వచ్చి, తాపీమేస్త్రీలను, ఆడువారిని, ఊరివారినందరిని పిలిచి ఒకే పంక్తిలో కూర్చుండుడు. లోపల నేర్చినది వెలుపల పనికి రాకున్నచో, చెక్కిన రాయిని గోడలో పెట్టక దాచుకొన్నట్లే.

బదులు వచ్చుటకు పదునైదు దినములు పట్టినది. ఆ దినములు నాకు దీర్ఘములు. వచ్చిన జాబు చిన్నది. "పేరు పదిమందికీ నచ్చింది మాష్టారూ. అనుమతి ఇంకా రావాలి, ఎప్పుడొస్తుందో తెలీదు. అది వచ్చినా రాకపోయినా వచ్చే కార్తీకంలో మన ఊరి తోటలో వనభోజనం పెట్టుకుందాం. అమ్మగారిని కూడా తీసుకురండి. పంక్తుల పట్టిక ఈసారి నేను రాస్తాను. వడ్డన మీరు చెయ్యాలి."

కార్తికమునకు ఇంకను వ్యవధి యున్నది. నాకు మోకాళ్ళ నొప్పులు. వంగి వడ్డించుట కష్టమే. అయినను ఈసారి గరిట విడువను.